పాత సైకిళ్ళు, నా పేషెంట్లు

ఫిజియోథెరపీ చదువు ముగించి కొత్తగా ఆసుపత్రుల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడూ తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. "మేడం, మీ రోజుల్లో ఇన్ని మెషీన్లు లేవు కదా, ఎలా చేశారండీ?" అని అడుగుతారు. మెషీన్లు లేకపోవడం మాకు పెద్ద ఇబ్బంది కాలేదంటే నమ్మరు. మోకాలు ఎలా వంచాలో, బిగుసుకుపోయిన భుజాన్ని ఎలా వదులు చేయాలో పుస్తకాల్లో ఉంది. చేతులు అలవాటు పడితే అది వచ్చేస్తుంది. మాకు కష్టమైన సంగతి వేరే ఉంది. ఈ రాత దాని గురించే. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్లు ఇందులో రాయడం లేదు. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి.

గేటు బయట

నేను పనిచేసింది తెనాలిలో, ప్రభుత్వాసుపత్రిలో. వారంలో ఒకరోజు రేపల్లె, ఒకరోజు బాపట్ల వెళ్ళి అక్కడి శిబిరాల్లో పేషెంట్లను చూసేదాన్ని. మా ఎముకల డాక్టరు వెంకటరత్నంగారు. మనిషి ముక్కోపి. రౌండ్స్‌లో ఆయన వెనక నడవాలంటే నర్సులు భయపడేవాళ్ళు. కానీ నేను చూసిన పై అధికారుల్లో నాకు పని నేర్పింది ఆయనే.

ఒకసారి నేను సంబరంగా ఆయనకు చెప్పాను, తుంటి విరిగి వచ్చిన ఒక పెద్దాయన మా గదిలో కమ్మీలు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడని. ఆయన చేతిలో ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూస్తూనే అన్నారు:

"నీ గదిలో ఎంత బాగా నడిచాడో నాకెందుకమ్మా? గేటు దాటాక ఏం చేస్తున్నాడో చెప్పు."

ఆ సాయంత్రం నుంచి నేను పేషెంట్లను గేటు దాకా సాగనంపడం మొదలుపెట్టాను. మా గదిలో నున్నటి గచ్చు మీద బాగా నడిచినవాళ్ళు గేటు బయట గతుకుల రోడ్డు చూసి ఆగిపోయేవాళ్ళు. కొందరిని కొడుకు బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు. కొందరు ఆటో కోసం గంటలు గంటలు అరుగు మీద కూర్చునేవాళ్ళు. మరుసటి వారం వాళ్ళు రాకపోతే మేము "పేషెంటుకు శ్రద్ధ లేదు" అనుకునేవాళ్ళం. శ్రద్ధ ఉన్నా రావడానికి దారి లేదన్నది గేటు దగ్గర నిలబడితేగానీ తెలియలేదు. కోటయ్యగారిని నేను సరిగ్గా చూసింది కూడా అక్కడే.

పెడళ్ళు లేని సైకిలు

కోటయ్యగారు పొన్నూరు వైపు ఒక పల్లెటూరి మనిషి. తమలపాకు తోటల్లో ఆకు కోసే పని. జీవితమంతా నిచ్చెనలెక్కి దిగి ఎడమ మోకాలు అరగదీసుకున్నాడు. నేను వ్యాయామాలు చెప్పి, చేతికర్ర ఇప్పించాను. ఆయన వచ్చినప్పుడల్లా కర్ర కనిపించేది కాదు. ఆ రోజు గేటు దగ్గర చూస్తే, గోడకు ఆనించిన పాత సైకిలు తీసి, ఎక్కకుండా నడిపించుకుంటూ బయల్దేరాడు.

"సైకిలు పాడైందా బాబాయ్‌గారూ?" అని అడిగాను.

"పాడవలేదమ్మా. నేనే పెడళ్ళు పీకించా. నడుస్తుంటే పిక్కలకు కొడుతున్నయ్."

చూస్తే చైను కూడా లేదు. "మరి తొక్కేదెట్లా?"

"తొక్కేదెవరు? ఇది పట్టుకుని నడవటానికే."

"నేను కర్ర ఇప్పించాను కదండీ!"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "కర్ర పట్టుకుంటే ముసలోడు పోతున్నాడంటారు. సైకిలు పట్టుకుంటే, పాపం, పంక్చరు పడినట్టుంది అనుకుంటారు. రెండిటికీ తేడా లేదంటావా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఆయన నడక చూస్తూ నిలబడ్డాను. నొప్పి ఎడమ మోకాలికి. సైకిలు కుడిచేతి వైపు. ఊతం ఎప్పుడూ నొప్పి లేని వైపు ఉండాలని మేము పేషెంట్లకు పదేపదే చెబుతాం. వాళ్ళు పదేపదే మరిచిపోతారు. సైకిలును అందరూ ఎడమ పక్కన నిలబడే నడిపిస్తారు కాబట్టి, ఆయనకు అది దానంతటదే సరిపోయింది. ఒక చేయి హ్యాండిల్ మీద, ఒక చేయి సీటు మీద. క్యారియర్ మీద తడిగుడ్డ చుట్టిన ఆకుల మూట, అన్నం క్యారేజీ. కర్రతో నడిచే మనిషి ఇంత బరువు మోయలేడు. ఆకు కోయడం మానేశాక కూడా ఆయన తోటలకూ కొట్లకూ మధ్య తిరుగుతూ ఆకులు అందిస్తున్నాడు. పని పోలేదు, పరువు పోలేదు. నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

ఒక్కటే భయం వేసింది. దానికి బ్రేకులు లేవు.

మస్తాన్‌గారి కొట్టు

ఆసుపత్రి రోడ్డు మలుపులో మస్తాన్‌గారి సైకిలు షాపు ఉండేది. ఒకప్పుడు ఆ కొట్టు ముందు సైకిళ్ళు బారులు తీరేవట. ఊళ్ళో ఇంటింటికీ మోటారుసైకిలు వచ్చాక, పాత ఫ్రేములు గుట్టగా పేర్చుకుని ఆయన ఎక్కువగా టీ తాగుతూ కూర్చునేవాడు. కోటయ్యగారిని వెంటబెట్టుకుని వెళ్ళి బ్రేకులు వేయమన్నాను.

"తొక్కని సైకిలుకు బ్రేకులెందుకు మేడం?"

"కాలు జారితే సైకిలు ముందుకు పోతుంది. ఈయన దాని వెనకాలే పోతారు."

మస్తాన్‌గారు టీ గ్లాసు కింద పెట్టి లేచి, కోటయ్యగారి సైకిలు తీసుకుని, ఎడమ మోకాలు వంగనట్టుగా బిగబట్టుకుని రోడ్డు మీద కుంటుకుంటూ వెళ్ళి వచ్చాడు. ఎదురుగా టిఫిన్ బండి దగ్గరవాళ్ళు నవ్వుతున్నా పట్టించుకోలేదు. తిరిగొచ్చి చెప్పాడు.

"హ్యాండిల్ ఎత్తు చాలటం లేదు. నడుం వంగిపోతోంది. రెండు చక్రాల బ్రేకులూ ఒకే పిడికి కలిపేస్తా, చేత్తో నొక్కగానే నిలబడిపోయిద్ది. ఇంకోటి, బాబాయ్ మధ్యలో అలిసిపోతే కూర్చునేదెక్కడ? క్యారియర్‌కు చెక్క కొట్టి, జోడు కాళ్ళ స్టాండు వేస్తా."

నేను అడిగింది బ్రేకులు. ఆయన ఇచ్చింది నడిచే బల్ల. ఆ తర్వాత మా ఇద్దరికీ అది అలవాటైపోయింది. నేను ఈ మనిషికి ఏ కీలు ఎంత వంగుతుందో, ఏ చెయ్యి ఎంత పట్టుకోగలదో చెప్పేదాన్ని. ఆయన గుట్టలోంచి ఒక ఫ్రేము లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, కోయాల్సింది కోసి, అతకాల్సింది అతికేవాడు. ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదది.

పాత సైకిళ్ళకు మాకు కొదవ లేదు. బళ్ళో ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్ళు, వాళ్ళు కాలేజీ బస్సులు ఎక్కడం మొదలుపెట్టాక, గేదెల పాకల్లో గడ్డి కింద పడి ఉండేవి. అడిగితే సంతోషంగా ఇచ్చేవాళ్ళు. వెంకటరత్నంగారికి ఈ సంగతి తెలిసి పిలిపించారు. తిడతారని వెళ్ళాను. ఆయన మస్తాన్‌గారి తయారీని వరండాలో నడిపించి చూసి, హఠాత్తుగా బ్రేకు నొక్కి, తూలి, నా భుజం పట్టుకుని నిలబడ్డారు. "బ్రేకు పనిచేస్తోంది," అన్నారు. మార్చురీ పక్కన ఖాళీగా ఉన్న రేకుల షెడ్డు తాళం ఇప్పించారు. ఆయన నోటివెంట మెచ్చుకోలు రావడం నేను చూసిన సందర్భాలు తక్కువ. తాళంచెవి రూపంలో వచ్చిందనుకున్నాను.

ఇక్కడ ఒక మాట కఠినంగానే చెప్పాలి. పేదవాళ్ళకే కదా, ఉచితమే కదా అని నాసిరకంగా చేస్తే అది సాయం కాదు. ఫ్రేము ఎంత పాతదైనా పరవాలేదు. బ్రేకులూ, బ్రేకు తీగలూ, టైర్లూ కొత్తవే వేయాలి. మస్తాన్‌గారు ఈ విషయంలో నాకన్నా మొండి. అలాగే అందరికీ సైకిలు పరిష్కారం కాదు. తల తిరిగేవాళ్ళకు, చూపు ఆననివాళ్ళకు వద్దని చెప్పి పంపేశాను. శిబిరాల్లో పంచే మూడు చక్రాల చేతిబండి వెడల్పాటి తారురోడ్డు ఉన్నవాళ్ళకు చాలా మంచిది. ఇంటి సందు ఇరుకుగా ఉన్నవాళ్ళకు మాత్రం అది అరుగు పక్కన బట్టలారేసుకునే బండి అయిపోతుంది. ఎవరికి ఏది కావాలో ముందు వాళ్ళ ఊరెళ్ళి, వాళ్ళ దారి చూసి చెప్పండి. ఆసుపత్రి కుర్చీలో కూర్చుని చెప్పకండి.

బ్రేకు అన్న మాట

బాపట్ల శిబిరానికి చీరాల వైపు నుంచి నాగేశ్వరరావు, భ్రమరాంబ అనే దంపతులు వచ్చేవాళ్ళు. మగ్గం పనివాళ్ళు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అన్నీ అర్థమవుతాయి, నోటికి మాత్రం ఏదీ రాదు. అడిగినదానికల్లా తలాడించి, తర్వాత గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. మాట నేర్పేవాళ్ళ దగ్గరకు పంపితే రెండుసార్లు వెళ్ళి మానేశారు.

"షేర్ ఆటోలో ఆయన్ని ఒక పక్క, నన్ను ఒక పక్క ఇరికిస్తారు, ఆయన మొహం నాకు కనపడదండీ," అంది భ్రమరాంబ. "పక్కనే కూర్చుంటే ఏం కావాలో కళ్ళల్లో తెలిసిద్ది. ఇంట్లో అయితే ఎట్టాగో నడిచిపోతంది. బయటకు తేవాలంటేనే..."

ఆమెకు సైకిలు తొక్కడం వచ్చు. మస్తాన్‌గారికి ఈ సంగతి చెబితే రెండు పాత సైకిళ్ళు పక్కపక్కన నిలబెట్టి, ఇనప గొట్టాలతో కలిపి అతికేశాడు. కుడివైపు భార్య. హ్యాండిల్ ఆమె చేతిలో. ఎడమవైపు భర్త. ఆయన సీటుకు వీపు ఆనేందుకు చెక్క, జారకుండా నడుముకు పట్టీ. కుడి పాదాన్ని పెడలుకు మెత్తటి గుడ్డతో కట్టాం. ఎడమ కాలు తొక్కుతుంటే చచ్చుబడిన కాలు కూడా దానితో పాటే తిరుగుతుంది. అది నాకు కావలసిన వ్యాయామమే. చివర్లో మస్తాన్‌గారు బ్రేకు పిడిని భార్య హ్యాండిల్‌తో పాటు, ఇంకొకటి భర్త ఎడమ చేతికి కూడా అమర్చాడు.

"ఆయనకెందుకండీ?" అన్నాను.

"ఊరికే మూటలాగా కూర్చోబెడితే మనిషి ఏమనుకుంటాడు మేడం? ఏదో ఒక పని ఉండాలి గదా."

శిబిరం జరిగే బడి మైదానంలో తొక్కించి చూశాం. రెండు వారాల తర్వాత వాళ్ళు గేటులోంచి బయటకు, రోడ్డు మీదకు వెళ్ళారు. నేను వెనకాలే నడుస్తున్నాను. సందులోంచి ఒక మేకల మంద అడ్డంగా వచ్చిపడింది. ఆయన గట్టిగా, స్పష్టంగా అరిచాడు.

"బ్రేకు!"

భ్రమరాంబ వెంటనే అంది. "బ్రేకు మీ చేతిలోనే ఉంది గదండీ!"

ఆయన నొక్కాడు. బండి ఆగింది. మేకలు పోయాయి. అప్పుడు గానీ ఆమెకు ఏం జరిగిందో తట్టలేదు. తల తిప్పి భర్త మొహం చూసింది. మళ్ళీ అనమని అడిగింది. ఆయన "బ్రేకు" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. రోడ్డు మధ్యలో ఇద్దరూ ఏడుస్తూ నవ్వుతూ కూర్చుంటే, వెనక లారీవాడు హారను కొట్టి కొట్టి విసిగిపోయాడు.

ఆ తర్వాత మాటలు నెమ్మదిగా ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ రాలేదు. సైకిలు వల్లే మాట వచ్చిందని నేను ఎక్కడా చెప్పను. కొన్నాళ్ళకు రావలసింది ఆ రోజు వచ్చి ఉండొచ్చు. కానీ భార్య పక్కన కూర్చుని రోడ్డు చూసే మనిషికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. గోడవైపు చూస్తూ కూర్చున్నవాడికి ఏముంటుంది చెప్పడానికి?

సువార్త

ఇక సువార్త గురించి. ఆమెది రేపల్లె దగ్గర పల్లె. ఆశా కార్యకర్తగా పనిచేసేది. ఇల్లిల్లూ తిరిగి గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే పని. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. కోతల కాలంలో గట్టు మీద నడుస్తుంటే రక్తపింజర కరిచింది. ప్రాణం దక్కింది కానీ పాదం నల్లబడిపోయి, వెంకటరత్నంగారు కుడికాలు మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది.

గాయం మానాక పెట్టుడు కాలు వచ్చింది. దానితో నడక నేర్పడం నా పని. ఆమె త్వరగా నేర్చుకుంది. వార్డులో ఉన్న రోజుల్లోనే పక్క మంచాల బాలింతలకు పాలు ఎలా పట్టాలో చెబుతూ ఉండేది. కానీ ఒకరోజు నడక మధ్యలో ఆపేసి కూర్చుంది.

"ఎంత దూరం నడవగలనండీ దీనితో?"

"ఎంత దూరం నడవాలి నువ్వు?"

"మా ఊళ్ళో ఇళ్ళు పరవాలేదండీ. డ్రెయిను కాలువ అవతల ఇంకో పేట ఉంది. వలలేసుకునేవాళ్ళది. కట్ట మీద చాలా దూరం పోవాలి. సూపర్‌వైజర్ మేడం చెప్పారు, పేట చూడలేకపోతే ఇంకో మనిషిని పెట్టక తప్పదంట. ఆవిడది తప్పు లేదులెండి. అక్కడ పిల్లలకు టీకాలు ఆగిపోతున్నయ్."

ఆమె భర్త కూలిపనికి వెళ్ళేవాడు. ఇల్లు గడవడం ఒకటే కాదు ఆమె బాధ. ఆ పేటలో ఆడవాళ్ళు ఆసుపత్రి అంటే భయపడే రోజుల నుంచి ఒక్కొక్కరినీ బతిమాలి కాన్పుకు తీసుకొచ్చింది తనే. ఇప్పుడు కొత్త మనిషి పోతే తలుపులు తీస్తారో లేదోనని దిగులు.

నేను ఆ దారి చూడటానికి వెళ్ళాను. రేపల్లెలో రైలు దిగి, ఆటో ఎక్కి, కట్ట మీద నడిచాను. పెట్టుడు కాలితో నడిస్తే మొండి కాలు పుండు పడేంత దూరం. పక్క చక్రాలు బిగించిన స్కూటరు కొనిద్దామని ఆమె భర్త అన్నాడు గానీ, డ్రెయిను మీద ఉన్న దారి చూశాక ఆ మాట వదిలేశాం. వంతెన అనడానికి లేదు. ఒక సిమెంటు పలక. పక్కన పిట్టగోడ లేదు. ఒక మనిషి తట్ట నెత్తిన పెట్టుకుని పోవడానికి సరిపోతుంది. సైకిలు ఒక్కటే దాటగల బండి.

సువార్తకు సైకిలు వచ్చు. కూతురికి బళ్ళో ఇచ్చిన సైకిలు పాకలో ఉంది. దాన్ని రైల్లో తెనాలి తెచ్చారు. మస్తాన్‌గారు శ్రద్ధగా తయారుచేశాడు. పెట్టుడు పాదం జారకుండా పెడలు మీద పాత ట్యూబు ముక్కతో పట్టీ వేశాడు. పడిపోతే పాదం బయటకు వచ్చేసేలా ఒక పక్క తెరిచి ఉంచాడు. మోకాలు ఎక్కువ వంగనక్కర్లేకుండా కుడి పెడలును ఇరుసుకు దగ్గరగా బిగించాడు. ఆగినప్పుడు పడిపోకుండా వెనక చక్రానికి అటూ ఇటూ పిల్లల సైకిలు చక్రాలు పెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో ఆమె చక్కగా తొక్కింది. అందరం చప్పట్లు కొట్టాం.

కట్ట మీద మొదటి రోజే పడిపోయింది. కట్ట దారి మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటుంది. వాలు మీదకు వెళ్ళగానే పక్క చక్రం సైకిలును నిటారుగా ఉండనీయకుండా డ్రెయిను వైపుకు వంచేసింది. సువార్త, సైకిలు కలిసి జారి బురదలో పడ్డారు. ఆసుపత్రి గచ్చు మీద చప్పట్లు కొట్టించుకున్న మా తెలివి అది.

మరుసటి వారం ఆమె రేపల్లె శిబిరానికి వచ్చింది. మోచేయి గీరుకుపోయి ఉంది. ఇక వద్దంటుందేమో అనుకున్నాను. వాళ్ళ అత్తగారు వెంట వచ్చి అదే మాట అంది.

"ఇంక చాల్లే సువార్తా. కాలు పోయింది చాలదా, చెయ్యి కూడా పోగొట్టుకుంటావా?"

సువార్త అత్తను దాటి ముందుకొచ్చి నాతో అంది. "ఆ చిన్న చక్రాలు తీయించెయ్యండి మేడం. అవి నన్ను నిలబెట్టటం లేదు, సైకిలును నా అదుపులో లేకుండా చేస్తున్నయ్. పడబోయినప్పుడు నా కాలు నేలకు అందితే చాలు. మంచి కాలైనా, ఈ కాలైనా. సీటు కిందకు దించగలడా మస్తాన్ అన్నయ్య?"

మస్తాన్‌గారు చాలా దించాడు. పక్క చక్రాలు తీసేసి, అన్నిటినీ పొట్టి సైకిలు ఫ్రేముకు మార్చి, సీటు గొట్టం కోసి, హ్యాండిల్ వెడల్పు తగ్గించాడు. సువార్త సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనుతున్నాయి. చూడటానికి అంత అందంగా లేదు. తొక్కేటప్పుడు మోకాళ్ళు కాస్త పైకి లేస్తాయి. కానీ పెడళ్ళు వదిలేసి, సీటు మీద కూర్చునే, కాళ్ళతో నేలను తోసుకుంటూ ముందుకు పోవచ్చు. బరువంతా సీటు మీద ఉంటుంది కాబట్టి మొండి కాలికి నొప్పి ఉండదు. దారి బాగుంటే తొక్కడం, బాగాలేకపోతే కూర్చుని నడవడం.

"ఇది సైకిలా, కుర్చీనా?" అని అత్తగారు అడిగింది.

"ఏదైతే ఏంటత్తా, పేటకు పోతే చాలు," అంది సువార్త.

నెలంతా ఆమె కట్ట మీద సాధన చేసింది. పలక మీద మాత్రం, భర్త పక్కన నీళ్ళల్లో దిగి నిలబడితేనే దాటేది.

పలక మీద

పేటలో టీకాల రోజు సూపర్‌వైజర్ మేడం స్వయంగా వచ్చి వేస్తానంది. ఆవిడ మంచి మనిషి. కానీ కచ్చితమైన మనిషి. సువార్త రమ్మంటే నేనూ వెళ్ళాను. ముందు రోజు వాన పడి కట్ట తడిగా ఉంది. సువార్త క్యారియర్‌కు టీకాల డబ్బా కట్టుకుని ముందు వెళ్తోంది. నేనూ సూపర్‌వైజరూ స్కూటరు మీద వెనక. ఆవిడ సువార్త పెట్టుడు కాలి వైపే చూస్తోంది.

పలక దగ్గర భర్త లేడు. "పనికి పొమ్మన్నా మేడం," అంది సువార్త నాతో మెల్లగా. "రోజూ ఆయన వచ్చి నిలబడతాడా ఏంటి?"

పెడళ్ళు వదిలి, రెండు పాదాలూ పలక మీద ఆనించి, కూర్చునే నడుస్తూ బయల్దేరింది. సగం దాకా బాగానే వెళ్ళింది. అప్పుడు అవతలి వైపు నుంచి ఒక పెయ్యదూడ, మెళ్ళో తెగిన తాడుతో, తోక పైకెత్తి పరుగెత్తుకుంటూ పలక ఎక్కింది. దాని వెనక ఒకామె అరుస్తూ వస్తోంది. దూడ సువార్తకు కొంచెం దూరంలో ఆగి, తలదించి చూసింది. వెనక్కి తిరగడానికి దానికి చోటు లేదు. సువార్తకూ లేదు.

సూపర్‌వైజర్ నా చేయి గట్టిగా పట్టుకుంది. "అయ్యో, కర్రలైనా తెచ్చుకోవాల్సింది," అంది.

సువార్త కంగారుపడలేదు. బ్రేకు పట్టి ఒక్క క్షణం కూర్చుంది. తర్వాత బ్రేకు వదిలి, రెండు పాదాలతో నేలను ముందుకు తోస్తూ, వెనక్కి రావడం మొదలుపెట్టింది. ఒక అడుగు మంచి కాలు, ఒక అడుగు పెట్టుడు కాలు. హ్యాండిల్ కదలకుండా నిటారుగా పట్టుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే సైకిలు పక్కకు పోతుందని ఆమెకు తెలుసు. దూడ కూడా ఆమె వెనక్కి జరిగినంత మేరా ముందుకు జరుగుతూ వచ్చింది, ఏదో ఊరేగింపులో నడుస్తున్నట్టు. వెనక్కి నడవడం నేను ఆమెకు నేర్పలేదు. మస్తాన్‌గారూ నేర్పలేదు. కర్రలతో ఉంటే అది కుదిరే పని కాదు.

కట్ట మీదకు రాగానే సైకిలు పక్కకు ఒరిగించి దారి ఇచ్చింది. దూడ మా మధ్య నుంచి దూసుకుపోయింది. దాని వెనక వచ్చిన ఆమె రొప్పుతూ ఆగింది.

"సువార్తక్కా, దెబ్బ తగల్లేదు గదా?"

"నాకేం కాలేదు గానీ, నీ చిన్నదానికి టీకా వేయించాలి. దూడను పట్టుకుని తొందరగా రా. మళ్ళీ పొలం పోయావంటే ఊరుకోను."

అని, మళ్ళీ పలక ఎక్కింది. ఈసారి ఆగకుండా అవతలికి చేరింది. అక్కడ పిల్లలను చంకనేసుకుని నిలబడ్డ ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. ఒకరు డబ్బా విప్పుతున్నారు, ఒకరు పీట వేస్తున్నారు. కాలు పోయాక ఆమె ఎవరి ఊతమూ లేకుండా పేటకు రావడం అదే మొదటిసారి.

సూపర్‌వైజర్ స్కూటరుకు తాళం వేసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పలక మీద అడుగు పెట్టింది. సగం దాకా వెళ్ళి కింద నీళ్ళు చూసి ఆగిపోయింది. అవతలి నుంచి సువార్త పిలిచింది.

"కిందకు చూడొద్దు మేడం. నన్ను చూస్తా రండి."

ఆవిడ సువార్తను చూస్తూ దాటింది. ఆవిడ వెనకే నేను దాటాను. ఇంకో మనిషిని పెట్టే మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. టీకాలన్నీ అయ్యాక ఒక గుడిసె ముందు కూర్చుని చల్ల తాగుతూ, సూపర్‌వైజర్ వచ్చే నెలకు పేటలో చూడాల్సిన గర్భిణుల గురించి సువార్తతో మాట్లాడింది, ఒకే పని చేసే ఇద్దరు ఎప్పుడూ మాట్లాడుకున్నట్టు.

నేను కొంచెం అవతలగా కూర్చుని ఉన్నాను. మోకాళ్ళు పట్టుకుని లేచిన ఒక ముసలామె సైకిలు దగ్గరకు వచ్చి, సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూసింది.

"అమ్మాయ్, నాకూ ఇట్టాంటిది చేయిస్తావా? ప్రార్థనకు పోక ఏడాదైంది."

నేను లేవబోయాను. ఈలోగా సువార్త ముసలామె దగ్గరకు వెళ్ళింది. "ఇట్టా నిలబడు అమ్మమ్మా. ఏ కాలు నొప్పి? కళ్ళు బాగానే కనపడుతున్నయ్యా? నా చెయ్యి గట్టిగా నొక్కు, చూద్దాం," అంటూ ఒక్కొక్కటే అడగసాగింది. నేను మళ్ళీ కూర్చున్నాను. అక్కడ నేను చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు. నా ఉద్యోగంలో అంత తృప్తిగా ఊరికే కూర్చున్న రోజు ఇంకొకటి లేదు.